గొఱ్ఱెల గిట్టలు: కత్తెర పట్టుటకు ముందు

గొఱ్ఱెల గిట్టలు కత్తిరించు కత్తెరను సంఘము తరఫున కొనవలెనని మన సభ్యులలో కొందఱు ఇటీవల కోరుచున్నారు. కోరిక న్యాయమైనదే. ఒక్కొక్కరి యింట పది ఇరువది గొఱ్ఱెలు మాత్రమే యుండగా ఎవరికి వారు కత్తెర కొనుట వృథా వ్యయము. పదుగురు కలిసి కొని పదుగురును వాడుకొనుటకే కదా సహకార సంఘములు ఏర్పడినవి. అయినను కొనుటకు ముందు మేమొక మాట మనవి చేయదలచితిమి. కత్తెర ఎట్లు పట్టవలెనో నేర్చుకొనుట ఒక పూట పని. ఎప్పుడు పట్టరాదో నేర్చుకొనుటకు అంతకంటె ఎక్కువ ఓపిక కావలెను. రెండవది నేర్వక మొదటిది మాత్రమే నేర్చినందువలన కలుగు నష్టమును మేము కన్నవారము. కొంతవఱకు కలిగించినవారము కూడ. కావున ఈ మాసము ఆ విషయమునే వ్రాయుచున్నాము.

మన పెద్దల కాలమున గొఱ్ఱె గిట్టలను పనిగట్టుకొని కత్తిరించుట అరుదు. అందుకు కారణము స్పష్టము. గొల్ల, కురుమ సోదరుల మందలు ప్రొద్దు పొడిచినది మొదలు గ్రుంకువఱకు గుట్టలమీదను, బీళ్లలోను, కోసిన చేలలోను తిరిగెడివి. ఎండకాలమున మేత వెదకుచు జిల్లాలు దాటిపోయెడివి. రైతులు తమ చేలలో మంద నిలిపించుకొని, ఎరువునకు బదులుగా కాపరికి ధాన్యమిచ్చెడివారు. అట్లు నడచు గొఱ్ఱెకు త్రోవలోని రాయియే ఆకురాయి. పెరిగినంత గిట్ట దినదినము అరిగిపోవుచుండెడిది. ముల్లు విఱిగినచో కాపరి మొలనున్న శ్రావణముతో లాగివేసెడివాడు. అంతకుమించిన పని ఎప్పుడో గాని తటస్థింపలేదు.

ఇప్పటి స్థితి వేఱు. 2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము తెలంగాణమున 1 కోటి 91 లక్షల గొఱ్ఱెలును, ఆంధ్రప్రదేశమున 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలును లెక్కకు వచ్చినవి. దేశము మొత్తముమీద లెక్కకు వచ్చినవి 7 కోట్ల 42 లక్షలు. అనగా ఇంచుమించు సగము మన రెండు రాష్ట్రములలోనే యున్నవి. ఇన్ని జీవములకు చాలినంత బీడు మనకు మిగులలేదు. గుట్టలు క్వారీలైనవి; పోరంబోకులు ఇండ్ల ప్లాట్లైనవి; బోరుబావి క్రింది చేను రెండు పంటలు పండుచుండుటచే కోతలైన పిదప ఖాళీగా నిలుచుట తగ్గినది. 2017 జూను మాసమున తెలంగాణ ప్రభుత్వము ఆరంభించిన పథకము క్రింద గొఱ్ఱెల పెంపకందారుల సహకార సంఘముల సభ్యులకు, నూటికి 75 వంతుల రాయితీతో, ఇంటికి 20 ఆడ గొఱ్ఱెలు, 1 పొట్టేలు చొప్పున పంచబడినవి. ఇవి గాక బత్తాయి, మామిడి తోటలుగల చిన్న రైతులును, పట్టణమున ఉద్యోగము విరమించి స్వగ్రామము చేరినవారును, సరదాకు కొంత, ఆదాయమునకు కొంత, పది గొఱ్ఱెలను దొడ్డిలోనే యుంచి మేపుచున్నారు. దశరథ గడ్డి, సుబాబులు రెమ్మలు, జొన్న చొప్ప కొట్టములోనికే వచ్చును. గొఱ్ఱె నడువవలసిన అగత్యము లేదు.

పలకలు పఱచిన ఎత్తు కొట్టములో గాని, మెత్తని పెంట నేలపై గాని నిలుచు గొఱ్ఱెకు గిట్ట అరుగదు. అరుగకున్నను పెరుగుట మానదు. మన చేతిగోరు వంటిదే. పక్కల పెంకు మడిచి అడుగునకు చుట్టుకొనును. ఆ మడత లోపల పేడ, బురద చిక్కుకొనును. కొస పైకి వంగును. జీవము మడమపై బరువు మోపి వంకరగా నడచును. కనుక గుట్టమీది రాయి చేసిన పనిని, గొఱ్ఱెను ఇంటికి తెచ్చుకొన్న రైతు తన చేతితో చేయక తప్పదు. ఇంతవఱకు ఎవరికిని వివాదము లేదు. వివాదమంతయు ఇక్కడినుండియే ఆరంభమగును.

కొన్ని సంవత్సరముల క్రిందట మేమొక గ్రామమున ప్రదర్శన మిచ్చితిమి. వేపచెట్టు క్రింద సభ్యులు గుమిగూడిరి. ఒక రైతు ఇంటి 21 గొఱ్ఱెలను అచటికి తోలించితిమి. అది వానకాలము; వానిలో నాలుగు కుంటుచుండెను. ప్రతి గొఱ్ఱెకును ఏడాదికి రెండుమాఱులు గిట్టలు కత్తిరింపవలెననియు, కుంటుదానికి చెడిన భాగమంతయు పోవువఱకు లోతుగా చెక్కవలెననియు మేము చదివియుంటిమి. అదే చెప్పితిమి, అదే చేసి చూపితిమి. ఒకే కత్తెరతో ఒకదాని వెంట నొకదానికి వరుసగా కోసితిమి. నడుమ కత్తెరను కడుగలేదు. కొన్నింటికి రక్తము వచ్చెను. కొంచెము రక్తము వచ్చుట సహజమని చూపరులకు ధైర్యము చెప్పితిమి. కోసిన ముక్కలను దొడ్డి మూలకే ఊడ్పించితిమి. సభ్యులు సంతసించిరి, మేమును సంతసించి తిరిగివచ్చితిమి.

పది దినముల తరువాత మరల ఆ యూరికి పోగా ఆ రైతు మాతో మాటలాడలేదు. అతని భార్య దొడ్డి తడిక తీసి చూపి, "మీరు రాక మునుపు నాలుగు కుంటినవి సారూ, ఇప్పుడు తొమ్మిది కుంటుచున్నవి" అనెను. ఒక ఆడగొఱ్ఱెకు మేము కోసినచోట ఈగలు వ్రాలి పురుగులు పడినవి. అది మేతకు లేవలేకపోయెను, పాలు తగ్గెను, దాని పిల్ల బక్కచిక్కి చివరకు చచ్చిపోయెను. కొండ నాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదను సామెతకు అర్థము ఆ దొడ్డిలో మాకు చక్కగా తెలిసినది.

ఆ యూరనే ఏబది యేండ్లు మందవెంట నడచిన కురుమ వృద్ధు డొకడుండెను. ఆ యిల్లాలు అతనిని పిలిపించినది. అతడు వచ్చి గిట్టలను ముట్టలేదు. "కత్తెర సంచిలో పెట్టుడు సారూ. ముందు వీనిని గట్టి నేలమీద నడిపింతము" అని, ఒక్కొక్క గొఱ్ఱెను ఇంటి ముందటి బండపై నడిపించి చూచెను. ఏది తల ఊపుచు నడచుచున్నది, ఏ కాలు మోపుటకు జంకుచున్నది, ఏది మేతవద్ద మోకాళ్లపై కూలబడుచున్నది అని చూచి, ఆ తరువాతనే పట్టించెను. పుల్లతో గిట్టల సందు శుభ్రము చేసెను, వ్రేలితో మెల్లగా ఒత్తెను, వాసన చూచెను. మొదట కుంటిన నాలుగింటిలో ఒకదాని గిట్టల సందున రేగడి మన్ను వెండ్రుకలతో కలిసి రాతివలె గట్టిపడి యుండెను; దానిని తీసివేయగా ఆ సాయంకాలమే సరిగా నడచెను. ఇంకొకదాని అడుగున సర్కారు తుమ్మముల్లు విఱిగి యుండెను. మిగిలిన రెండింటికి మాత్రము గిట్టల సందు తెల్లబడి, చెమ్మగిలి, దుర్వాసన కొట్టుచు, పెంకు లోపలినుండి ఊడుచుండెను. అది నిజమైన గిట్టకుళ్లు. తక్కిన అయిదును మేము చేసిన గాయములవలనను, మేము కత్తెరతో అంటించిన కుళ్లువలనను కుంటుచుండెను. "పొడుగైనందుకు కుంటలేదు సారూ, కుంటినందుకు పొడుగైనవి. మోపని కాలు ఎట్లరుగును?" అని ఆ వృద్ధుడనెను.

ఈ మాట మమ్ములను చాలకాలము కలవరపెట్టినది. పిదప విచారింపగా విదేశములలో పెద్ద మందలు గలవారును ఇదే పాఠమును కష్టపడి నేర్చుకొనిరని తెలిసెను. ఇంగ్లండు దేశపు కాపరులు గిట్టకుళ్లు సోకిన గొఱ్ఱెకు మొదటి చికిత్స లోతుగా చెక్కుటయే యని తరతరములుగా నమ్మినవారు. వార్విక్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఇతరులతో కలిసి ఈ నమ్మకమును మందలలో పరీక్షించి 2010లో ఫలితమును ప్రకటించిరి. యాంటీబయాటిక్ సూదిమందు, పైమందు ఇచ్చి గిట్టను కోయక విడిచిన గొఱ్ఱెలు త్వరగా కోలుకొన్నవి. కోసినవి ఆలస్యముగా కోలుకొన్నవి. రోగము లేని మందకంతకు ఏటేట అలవాటుగా గిట్టలు కత్తిరించుటవలన కుంటు తగ్గుననుటకును ఆధారము కనబడలేదు. పైగా కత్తిరించునపుడు రక్తము వచ్చు మందలలో కుంటు ఎక్కువగా నుండెను. ఆ దేశపు మందలలో 2004లో నూటికి సుమారు పది గొఱ్ఱెలు కుంటుచుండగా 2013నాటికి నూటికి సుమారు అయిదైనవి. పాత అలవాటును మాని, కుంటిన గొఱ్ఱెను వెంటనే పట్టి మందిచ్చుట ఈ మేలునకు ఒక కారణమని వారు చెప్పుదురు. వారి నేల తడి నేల, మనది పొడి నేల. వారి పద్ధతులన్నియు మనకు సరిపడవు. అయినను రోగము తగిలిన గిట్టను చెక్కుట మేలు కాదనుట ఏ నేలకైనను ఒకటే.

కావున సభ్యులు కత్తెర పట్టుటకు ముందు తమ యెదుట నున్న గొఱ్ఱె ఈ నాలుగు తరగతులలో దేనికి చెందినదో నిర్ణయించుకొనవలెను.

మొదటిది, గిట్ట పెరిగినది గాని కుంటు లేదు, వాసన లేదు, సందు పొడిగా నున్నది. దీనికే కత్తెర. రెండవది, కుంటుచున్నది గాని కుళ్లు లేదు. ఇందు ముల్లు, గాజు ముక్క, మన్నుగడ్డ, రాతిదెబ్బ ఏదో యొకటి యుండును, వెదకి తీయవలెను. మూడవది, గిట్టల సందు తెల్లబడి, పెంకు ఊడుచు, దుర్వాసన కొట్టుచున్నది. దీనికి కత్తెర నిషిద్ధము. వేఱుచేయుట, మందు ఇచ్చుట కావలెను. నాలుగవది, ఒకేసారి అనేక జీవములు కుంటుచు, జ్వరముతో మేత మాని, నోట పుండ్లు గాని, మూతివాపు గాని, గిట్టపై వెండ్రుకల మొదట ఎఱుపు గాని కలిగియున్నవి. ఇది గాలికుంటు గాని, నీలినాలుక వ్యాధి గాని కావచ్చును. ఇట్టి సమయమున గిట్టలతో మనకు పని లేదు. మందను కదలింపక, సంతకు తోలక, ఆ దినమే పశువైద్యునికి కబురు పెట్టవలెను.

ఇక మొదటి తరగతి గొఱ్ఱెకు కత్తిరించు పద్ధతి చెప్పెదము. గొఱ్ఱె కసాయివానినే నమ్మునందురు. మనము మాత్రము దాని నమ్మకమునకు తగినట్లు వర్తింపవలెను. ఉదయపు చల్లదనమున, మేత వేయక మునుపు, పొడి నేలపై పని పెట్టుకొనవలెను. నిండు చూలుతోనున్న దానిని పడవేయరాదు. దాని పనిని ఈనిన తరువాతకు వాయిదా వేయుట మంచిది. పట్టునపుడు ఉన్ని గాని, వెండ్రుకలు గాని, ఒక్క కాలు గాని పట్టి లాగరాదు. ఎడమచేయి దవడ క్రింద నుంచి తలను దాని డొక్కవైపు త్రిప్పి, కుడిచేయి తొడవద్ద పట్టి మెల్లగా మనవైపు దించినచో అది పిఱుదులపై కూర్చుండును. దాని వీపు మన మోకాళ్ల కానించినచో పెనుగులాడదు. నెల్లూరు జాతి పొట్టేలు వంటి పొడవైన, బరువైన జీవమును ఒక్కరు పడవేయ యత్నింపక, గోడకు చేర్చి ఒకరు పట్టగా మఱియొకరు కాలు మడిచి యెత్తి చూచుట ఇద్దఱకును క్షేమము.

గిట్టకు రెండు చీలికలు. ఒక్కొక్క దానికి బయట గట్టి పెంకును, అడుగున కొంచెము మెత్తని అరికాలును, వెనుక మడమయు నుండును. గొఱ్ఱె బరువులో పెద్దపాలును మోయునది ఆ బయటి పెంకు అంచు. దానిని పూర్తిగా చెక్కి అరికాలుపై నిలువబెట్టితిమా, చెప్పులకు అలవాటుపడినవాని చెప్పులు లాగికొని కంకరపై నడిపించినట్లగును. మొదట పుల్లతో మన్ను, పేడ తీసి, నీటితో కడిగి చూడవలెను. అడుగునకు మడిచికొన్న పెంకును మాత్రమే, మడమవైపునుండి కొసవైపునకు, అరికాలితో సమానమగునట్లు పలుచపలుచగా తీయవలెను. ఒక్క దెబ్బకు పెద్ద ముక్క కోయ నాశింపరాదు. వంగిన కొసను కొద్దిగా కత్తిరింపవలెను. మడమను ముట్టవలసిన పని సామాన్యముగా రాదు. వెండ్రుకల మొదట గిట్ట ఆరంభమగు గీతకు అడుగుభాగము సమాంతరముగా నున్నచో కొలత సరిపోయినట్లే. కోయుచుండగా లోపల లేత గులాబి రంగు కనబడెనా, అదియే మనకు హద్దు. అచటితో ఆపవలెను. ఇంకను వంకరయున్నచో కొన్ని వారములు గడచిన పిదప మరల కొంచెము తీయవచ్చును. చాలకాలము పెరిగిన గిట్టను ఒక్కదినమున చక్కజేయ యత్నించుటయే రక్తమునకు మూలము.

వేసవిలో గిట్ట రాతివలె నుండును. అప్పుడు బలవంతముగా కోయుటకంటె కొంతసేపు తడిగోనె కప్పి నానబెట్టుట మేలు. కత్తెర లేనివారు నిమ్మ, బత్తాయి కొమ్మలు కత్తిరించు చిన్న కత్తెరను వాడవచ్చును. అది పదునుగాను, శుభ్రముగాను ఉండవలెను. మొద్దుబాఱిన పనిముట్టు గిట్టను కోయదు, చీల్చును. ఒక గొఱ్ఱె ముగియగానే కత్తెరను కడిగి క్రిమిసంహారక ద్రావణమున ముంచిన తరువాతనే మఱియొకదానిని పట్టవలెను. కోసిన ముక్కలను ఏరి కాల్చివేయవలెను. గిట్టకుళ్లు కలిగించు సూక్ష్మజీవి వట్టి నేలపై కంటె ఆ ముక్కలలో ఎక్కువకాలము బ్రతుకును. పొరపాటున రక్తము వచ్చినచో శుభ్రమైన గుడ్డతో ఒత్తిపట్టి, క్రిమిసంహారకము పూసి, పొడి నేలపై నుంచి, ఈగలు వ్రాలకుండ రోజూ చూచుచుండవలెను. గాయము లోతైనచో ధనుర్వాత భయము కలదు గనుక వైద్యునికి చూపవలెను.

గిట్టకుళ్లు విషయమున చేయవలసినది వేఱు. డైకెలోబాక్టర్ నోడోసస్ అను సూక్ష్మజీవి దీనికి మూలము. చెమ్మ, బురద దానికి ద్వారము తెఱచును. రోగపు గొఱ్ఱె అడుగుపెట్టిన తడినేలపై అడుగుపెట్టిన తక్కినవానికి అంటును. కాబట్టి కుంటినదానిని ఆ దినమే వేఱు దొడ్డికి మార్చవలెను. వైద్యుడు చెప్పిన సూదిమందును, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని దినములు ఇప్పింపవలెను. పొరుగువాని సీసాలో మిగిలినది తెచ్చి పొడిపించుట మంచిది కాదు. మందిచ్చిన జీవమును వైద్యుడు చెప్పిన గడువు తీరక మునుపు మాంసమునకు అమ్మరాదు. తక్కిన మందకు జింకు సల్ఫేటు స్నానము ఉపయోగపడును. వరిచేలకు జింకు లోపము తీర్చుటకు మనము చల్లు జింకు సల్ఫేటే ఇది. పది లీటర్ల నీటికి ఒక కిలో చొప్పున కలిపి, గిట్టలు మునుగునంత లోతున పోసి, ముందుగా మన్ను కడిగిన గొఱ్ఱెలను అందు పావుగంట నిలిపి, తరువాత గంటసేపు పొడి బండపై ఆఱనీయవలెను. ఆ నీటిని త్రాగకుండ ముందే మంచినీరు పెట్టవలెను. మైలుతుత్తమును ఇందుకు వాడువారు కలరు గాని, రాగి తక్కిన పశువులకంటె గొఱ్ఱెకు త్వరగా విషమగును. దానిని మేము సలహా యీయము.

ఇప్పుడు సభ్యులు మాతో చెప్పు ఆక్షేపణలకు వత్తము. కొన్ని మాసములు మేపి అమ్మివేయు పొట్టేలు పిల్లలకు ఇంత శ్రమ యేల అని కొందఱందురు. ఆ మాట నిజమే. అట్టి పిల్లలకు గిట్టలు కత్తిరింపవలసిన అవసరము సామాన్యముగా రాదు, రాకున్న చేయవలదు. కాని యేండ్ల తరబడి పిల్లలను పెట్టవలసిన ఆడగొఱ్ఱె మాటయేమి? మంద కంతటికిని ఒక్కటే యైన పొట్టేలు మాటయేమి? వెనుకకాలు నొచ్చిన పొట్టేలు ఆడదాని నెక్కదు. ఆ యేడు పిల్లలు తగ్గినవని మేతను నిందించు రైతు పొట్టేలి గిట్ట నెత్తి చూడలేదని మేము పలుమాఱులు గమనించితిమి.

మఱికొందఱు, గొఱ్ఱె కాలు పట్టుట కాపరి కులమువారి పని, కాపుదనపు పని కాదందురు. గొఱ్ఱెను కొనుటకు అడ్డురాని కులము దాని కాలు చూచుటకు అడ్డువచ్చుట వింతయే. వాస్తవముగా ఈ యిండ్లలో గొఱ్ఱె ముందు చొప్ప వేయునదియు, పెంట తీయునదియు, ఏది నిన్నటికంటె నెమ్మదిగా లేచుచున్నదో మొదట గుర్తించునదియు ఇంటి యిల్లాండ్రే. మా ప్రదర్శనకు మాత్రము వారు గడపదాటి రారు, మేమును పిలువలేదు. ఇది మా రెండవ తప్పు. కుంటును కనిపెట్టువారు ఒకరు, కత్తెర నేర్చువారు మఱియొకరు అయినంతకాలము ఈ విద్య ఫలింపదు.

వైద్యుడున్నాడు గదా, మనకెందు కీ గొడవ అనువారును కలరు. రోగమునకు వైద్యుడే వలయును. అందు మాకు సందేహము లేదు. గోరు పెరిగినంత మాత్రమున వైద్యుని కొఱకు కాచుకొను మనుష్యుడు లేడు. గిట్టను ఎత్తి చూచుట రైతు పని. చూచినది చెప్పగలిగిన రైతునకు వైద్యుడును త్వరగా సాయము చేయగలడు.

కావున సంఘమునకు మా సలహాలు ఇవి. రాబోవు సర్వసభ్య సమావేశమున మంచి కత్తెరలు రెండు, గిట్టల స్నానమునకు తొట్టి యొకటి కొనుటకు తీర్మానింపవలెను. కత్తెరను అడిగిన సభ్యునకు ఊరక యీయక, ముందుగా రెండు పూటలు నేర్చినవారికే యీయవలెను. కత్తెర తిరిగి యిచ్చునపుడు కడిగి యీయవలెనను నియమము వ్రాసియుంచవలెను. లేనియెడల సంఘపు కత్తెరయే ఊరూర కుళ్లును మోసికొనిపోవును. నేర్పుటకు మావంటి వారిని మాత్రమే పిలువక, మందవెంట నడచిన వృద్ధులను గౌరవ వేతన మిచ్చి పిలువవలెను. ఆ జ్ఞానము ఏ పుస్తకమునను లేదు; ఆ పెద్దలతోనే పోవుచున్నది. ఇంటికి ఇద్దఱు చొప్పున, అందొకరు స్త్రీ యగునట్లు, నేర్చుకొన రావలెను. ప్రతి సభ్యుడును ఒక చిన్న పుస్తకమున ఏ తేదీన ఏ గొఱ్ఱె ఏ కాలు కుంటెనో, ఏమి కనబడెనో, ఏమి చేసెనో వ్రాసికొనవలెను. కొత్తగా కొన్న గొఱ్ఱెను మందలో కలుపక మునుపు మూడు నాలుగు వారములు వేఱుగా నుంచి నాలుగు కాళ్లును చూడవలెను. ఒకే గొఱ్ఱె మాటిమాటికి గిట్టకుళ్లు పడుచున్నచో దానిని, దాని పిల్లలను మందలో నిలుపుకొనక తీసివేయుట మేలు.

నూఱు గొఱ్ఱెలలో తప్పిపోయిన యొక్కదానికై వెదకబోయిన కాపరి కథ మేము చిన్ననాడు మిషను బడిలో వింటిమి. ఆ గొఱ్ఱె ఎందుకు వెనుకబడినదో ఉపాధ్యాయుడు చెప్పలేదు, మేమును అడుగలేదు. ఈ పనిలో ఇన్నాళ్లు గడిపిన తరువాత మాకు తోచినదేమనగా, మందలో మొదట వెనుకబడునది కుంటు గొఱ్ఱెయే. దొడ్డిలో కట్టిన గొఱ్ఱె ఎక్కడికిని తప్పిపోదు గనుక మనకు వెదకవలసిన శ్రమ తప్పినది. చూడవలసిన శ్రమ మాత్రము తప్పలేదు.

ఆ రైతు ఇంటికి మేము ఇప్పటికిని పోవుచుందుము. ఈ వానకాలమున ఆ యిల్లాలే గొఱ్ఱెలను బండపై నడిపించి, రెండింటిని మాత్రము వేఱుచేసి, "వీనికి మాత్రమే సారూ, తక్కినవి బాగున్నవి" అని మాచేతికి కత్తెర నిచ్చినది. ఎత్తి చూడగా ఆమె చెప్పినదే సరి. మేము రెండింటికి కొంచెము కొంచెము తీసి, కత్తెర కడిగి, తిరిగి యిచ్చితిమి. మన సభ్యులందఱును ఆ తల్లివలె చూడ నేర్చిన నాడు సంఘము ఎన్ని కత్తెరలు కొన్నను మాకు భయము లేదు. అంతవఱకు, కత్తెరకంటె ముందు చూపు నేర్పుడని మా మనవి.